ఎండు కర్ర

ఆ రోజు మేస్త్రి నాలుగోసారి మెట్లు దిగలేదు. జరిగిందంతా అక్కడే ఉంది.

అప్పటికి కరెంటు తీయడానికే మూడుసార్లు దిగాడు. దిగిన ప్రతిసారీ హాల్లో మూలనున్న మెయిన్ పెట్టె దగ్గరికెళ్ళి, పిడి కిందికి లాగి, ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ మళ్ళీ పైకెక్కాడు. ఇంటావిడకి ఆ పూట ఫోన్లో ఆఫీసు మాటలేవో ఉన్నాయి. "ఒక్క అరగంట కరెంటు ఇవ్వండి మేస్త్రిగారూ, తర్వాత మీ ఇష్టం" అన్నప్పుడల్లా దిగి ఫ్యూజు పెట్టడం, ఆ అరగంటా పైన గోడకి గాడి కొట్టుకోవడం, మళ్ళీ దిగి పీకడం. పాత ఇల్లు. గుడ్డ చుట్టిన తీగలు, ముట్టుకుంటే పొడిగా రాలిపోతున్నాయి. వాటిని లాగేసి కొత్తవి వేయాలి. షాకు కొట్టగానే దానంతటదే పడిపోయే స్విచ్చు ఒకటి మెయిన్ పక్కన బిగించాలి. ఆ స్విచ్చు ఇంకా అట్టపెట్టెలోనే, మెయిన్ కింద నేల మీద ఉంది.

ఆయన్ని అందరూ రూల్సు మేస్త్రి అంటారు. ఊరికే అనరు. ఆయన పనిచేసే కాంట్రాక్టరు షాపు గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రంగు వేసి రాసిన రూల్సు ఆయన రాసినవే. నోటిమాట నమ్మి తీగ ముట్టుకోకు. మెయిన్ నువ్వే తియ్యి, ఫ్యూజు నీ జేబులో పెట్టుకో. అయినా టెస్టరు పెట్టి చూడు. ముందు ఆ టెస్టరు పనిచేస్తోందో లేదో చూసుకో. ఇలా పదకొండు ఉన్నాయి. పనికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరికి వాటిని అప్పజెప్పనిదే ఆయనకి తోచదు. "పెళ్ళిలో నా చెయ్యి పట్టుకునే ముందు కూడా టెస్టరు పెట్టి చూసే ఉంటాడు" అని భార్య అందరికీ చెప్పి నవ్వేది.

ఆ రోజు పొద్దున ఆ పాఠం వినే వంతు ఆ ఇంట్లో పనిచేసే ఆవిడకి వచ్చింది. యాభైకి దగ్గర్లో ఉన్న మనిషి, మాటా నడకా రెండూ వేగమే. గోడ కొట్టిన దుమ్ము తుడవడానికి మాప్ కర్ర పట్టుకుని వస్తే, స్టూలు మీద నుంచే మొదలుపెట్టాడు.

"చూడమ్మా, ఎవరికైనా షాకు కొట్టిందనుకో, చేత్తో మాత్రం పట్టుకోకు. ఇద్దరూ పోతారు. ఎండు కర్రతో కొట్టు. ఎండుదేనా చూసుకుని మరీ కొట్టాలి. అర్థమైందా?"

"అంత కోపం ఎవరి మీదుందండీ నాకు, కర్రతో కొట్టడానికి!" అని నవ్వుకుంటూ వెళ్ళిందావిడ.

మధ్యాహ్నమైంది. ఇంటావిడ అడిగిందని ఇచ్చిన కరెంటు ఇంకా ఉంది. స్నానాలగది పక్కనున్న బోర్డులో ఒక్క తీగ మిగిలింది. అది కోసేస్తే భోజనానికి లేవచ్చు. మేస్త్రి మెట్ల వంక చూశాడు. పద్దెనిమిది మెట్లు. మోకాళ్ళు వద్దన్నాయి.

"అమ్మా! మెయిన్ తియ్యమ్మా!" అని కేకేశాడు.

కింద బకెట్టు చప్పుడైంది. ఆ తర్వాత ఇనుము మీద ఇనుము రాసుకున్న చప్పుడు.

"తీశావా?"

"తీశానండీ! బార్లా తీశా!"

ఆ మాట చెవిన పడింది. పడి అక్కడే ఆగింది. చెయ్యి మాత్రం ఆగలేదు. టెస్టరు చొక్కా జేబులోనే ఉంది.

కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉన్నాడు. స్టూలు బోర్లా పడి ఉంది. ఆవిడ మొహం మీదికి వంగి చూస్తోంది. ఆవిడ చేతిలో బూజుకర్ర ఉంది.

"బతికే ఉన్నారా?" అని అడిగింది.

ఉన్నాననే అనుకున్నాడు గాని ఆ మాట చెప్పడానికి నోరు లేవలేదు.

*

మూడు రోజులకి కుడి చెయ్యి ఆయనది కాకుండా పోయింది. ఉంది, కనబడుతుంది, ఎత్తితే లేస్తుంది. బొటనవేలు, పక్క రెండు వేళ్ళు మాత్రం దేన్ని ముట్టుకున్నాయో చెప్పవు. గ్లాసు పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలియదు, జారితే జారినట్టు తెలియదు. నరాలు దెబ్బతిన్నాయి, కొన్ని నెలలు పట్టొచ్చు, పట్టకపోనూవచ్చు అన్నాడు డాక్టరు. అది విన్నప్పుడు మేస్త్రికి భయం వేయలేదు. బాధ కూడా వేయలేదు. లోపల కూడా ఏదో మూడు వేళ్ళ మేర మొద్దుబారినట్టుంది.

ఆ చేతిలో నొప్పి తెలిసేది ఒక్కచోటే. మణికట్టు మీద, అడ్డంగా, నల్లగా కమిలిన చార.

"ఇది ఏదో తగిలిన దెబ్బలా ఉందే?" అని డాక్టరు అడిగినప్పుడు పక్కనున్న కాంట్రాక్టరు, "పడేటప్పుడు స్టూలు తగిలుంటుందండీ" అన్నాడు. మేస్త్రి ఏమీ అనలేదు. ఆ రోజుకి నోరు సరిగా తిరగడం లేదు. మర్నాటికి తిరిగింది. అయినా అనలేదు.

చూడవచ్చినవాళ్ళంతా కుర్చీ లాక్కుని ఒకటే పాట పాడారు. చావు తప్పి కన్ను లొట్టపోయింది. ఏదో పుణ్యం చేసుకున్నారు కాబట్టి స్టూలు మీద నుంచి పడ్డారు, పడ్డారు కాబట్టి తీగ వదిలింది. ఆ పాట అయ్యాక రెండో పాట, ఆ పనిమనిషిది. తీయకుండానే తీశానని చెప్పిందట, చూశారా! నిండు ప్రాణం పోయుండేది కదా! అసలు వాళ్ళని నమ్మడమే తప్పు.

"ఆవిణ్ణి ఆ సాయంత్రమే మానిపించేశారట," అంది భార్య, గిన్నెలో అన్నం మెదుపుతూ. "మంచి పని చేశారు. ఇప్పుడు ఆ వీధిలో ఇంకెవరూ పెట్టుకోవడం లేదట. పనివాళ్ళని పంపే ఆఫీసువాళ్ళు కూడా పేరు కొట్టేశారట. నోరు తెరు."

మేస్త్రి నోరు తెరిచాడు. భార్య చెంచాతో ముద్ద పెట్టింది. ఉప్పుందో లేదో తెలియలేదు. మింగాడు.

"ఏమంటావు?" అంది.

"దేనికి?"

"ఆవిడ సంగతే. నోటికొచ్చింది చెప్పేస్తే ఎలా? మనిషిని చంపేసి 'అయ్యో' అంటే సరిపోతుందా?"

ఆయన నీళ్ళ గ్లాసు వైపు ఎడమ చెయ్యి చాపాడు. దొంగకి తేలు కుట్టినట్టుంది ఆయన పని. అరవలేడు, మానలేడు.

సాయంత్రం కాంట్రాక్టరు వచ్చాడు. ఒకప్పుడు మేస్త్రి దగ్గర తీగ మెలివేయడం నేర్చుకున్నవాడే. ఇప్పుడు ఎనిమిదిమంది అతని కింద పనిచేస్తారు, మేస్త్రితో కలిపి. అయినా గురువుగారూ అనే పిలుస్తాడు, ఆయన ముందు కాలు మీద కాలు వేసుకోడు. సంచీలోంచి ఒక కాగితం తీసి మంచం మీద పరిచాడు.

"కరెంటాఫీసు ఇన్‌స్పెక్టరు శుక్రవారం ఆ ఇంటికొస్తున్నాడు గురువుగారూ. ప్రమాదం జరిగితే ఎంక్వయిరీ ఉంటుంది కదా. మీ మాటగా ఇది ఇచ్చేద్దాం. చదవనా?"

"చదువు."

"పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఆపమని ఇంట్లో పనిచేసే మనిషికి చెప్పడమైనది. ఆమె ఆపానని తప్పుగా చెప్పినందువల్ల ప్రమాదం జరిగినది." కాంట్రాక్టరు తలెత్తాడు. "అంతే. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఇంటావిడ కూడా విన్నానని చెప్తానంది."

"రూలు..." అన్నాడు మేస్త్రి.

"రూల్సు మీరు నాకు చెప్పక్కర్లేదు, నా గోడ మీదే ఉన్నాయి." గొంతు తగ్గించాడు. "మీదే తప్పని రాస్తే మీ కార్డు లాక్కుంటారు. కార్డు లేకపోతే ఏ ఇంట్లోనూ తీగ ముట్టుకోకూడదు. ఈ వయసులో మళ్ళీ పరీక్ష రాసి తెచ్చుకుంటారా? ఆ చెయ్యి బాగయ్యాక చేసుకోవడానికి పనంటూ ఒకటి ఉండాలి కదా. ఆవిడకేముంది చెప్పండి? ఇక్కడ కాకపోతే ఇంకో ఊళ్ళో అంట్లు తోముకుంటుంది."

"సంతకం పెట్టలేను. వేళ్ళు నిలవట్లేదు."

"వేలిముద్ర వేద్దురుగాని. శుక్రవారం ఇన్‌స్పెక్టరు ముందే వేద్దురు, ఇంకా బావుంటుంది."

కాంట్రాక్టరు వెళ్ళిపోయాక ఆ కాగితం మంచం మీదే ఉండిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా గోడకి మేకు కొట్టి తగిలించిన కార్డు వంక మేస్త్రి చూశాడు. అందులో తన ఫొటోకి మీసం ఇంకా నల్లగానే ఉంది.

*

గురువారం పొద్దున ఆయన వంటింట్లో నిలబడి టెస్టరు పట్టుకోవడం సాధన చేస్తున్నాడు. పిడిని రెండు వేళ్ళ మధ్య ఇరికించుకుని బొటనవేలు పైబిళ్ళ మీద పెట్టాలి. ఒంట్లోంచి కరెంటు చీమంతైనా పారితేనే లోపల దీపం వెలుగుతుంది. మూడుసార్లు జారి కింద పడింది. చప్పుడైతేగాని పడినట్టు తెలియలేదు.

"దానితో మళ్ళీ ఆటలేంటి?" అని భార్య వంగి తీసి ఇచ్చింది. ఇచ్చి, ఆయన మొహంలోకి చూసింది. "నాలుగు రోజుల్నుంచి ఒక్క మాటా లేదు. అందరూ అంటున్నారు గాని ఆవిణ్ణి నువ్వు ఒక్క తిట్టు తిట్టలేదు. నీకు కోపం కూడా రాదా?"

"బార్లా అంటే ఏంటి?" అన్నాడు మేస్త్రి.

"ఏంటీ?"

"బార్లా. ఏది బార్లా తీస్తాం?"

భార్య నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమోనని. "తలుపు బార్లా తీస్తాం. కిటికీ తీస్తాం. నోరు బార్లా తెరుస్తాం. ఎందుకు?"

"ఏం లేదు."

ఆ మాట నాలుగు రోజులుగా చెవిలో అలాగే ఉంది, చెప్పులోకి దూరిన రాయిలాగా. మెయిన్ ఎవరూ బార్లా తీయరు. పిడి కిందికి లాగుతారు, ఫ్యూజు పీకుతారు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కరు కూడా 'బార్లా తీశా' అని చెప్పింది లేదు. ఆ సంగతి ఆ క్షణాన ఆయనకి తెలుసు. తెలిసే కటింగ్‌ప్లేరు తీగకి వేశాడు. ఆకలేస్తోందని, మోకాళ్ళు నొప్పని, ఒక్క తీగే కదా అని.

"మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి," అన్నాడు టెస్టరు జేబులో పెట్టుకుంటూ.

"ఎవరినీ?" అంది భార్య.

ఆయన పెరట్లోకి నడిచాడు. ఆవిడ చీపురు తీసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

*

పని జరిగినన్నాళ్ళూ పనివాళ్ళంతా ఆ ఇంట్లోకి వెనకవైపు వంటింటి తలుపులోంచే వచ్చారు. శుక్రవారం మాత్రం ఇన్‌స్పెక్టరు కూడా ఉన్నాడు కాబట్టి ముందు గుమ్మం దగ్గరికి వెళ్ళి బెల్లు కొట్టారు. ఇన్‌స్పెక్టరు సన్నగా, నెమ్మదిగా ఉన్న మనిషి, చంకలో ఫైలు పెట్టుకుని చెప్పులు అప్పటికే విప్పేశాడు. మేస్త్రి మంచం మీద నుంచి తీసుకొచ్చిన కాగితం కాంట్రాక్టరు చేతిలో ఉంది. మేస్త్రి మెట్టు మీద నిలబడ్డాడు. మానిపించిన పనావిణ్ణి కూడా పిలిపించారు. గోడవారగా, ఎవరి దారికీ అడ్డం రాకుండా నిలబడి ఉంది. మేస్త్రిని చూసి తల వంచింది. బాగున్నారా అని అడగలేదు.

లోపల్నుంచి ఇంటావిడ గొంతు వినబడింది.

"మెయిన్ తియ్యి! ఎవరో వచ్చారు!"

ఇనుప గడియ జరిగింది. తలుపు సగం తెరుచుకుని, అందులోంచి కొత్త పనిమనిషి తొంగిచూసింది.

మేస్త్రి అక్కడే ఆగిపోయాడు. వెనకనున్న కాంట్రాక్టరు ఆయన్ని గుద్దుకోబోయి నిలదొక్కుకున్నాడు.

"రండి గురువుగారూ. ఏమైంది?"

ఇనుము మీద ఇనుము రాసుకున్న చప్పుడు. అదే. ఆ రోజు పైనుంచి విన్నది అదే.

"మీరు దీన్ని మెయిన్ అంటారా అమ్మా?" అన్నాడు మేస్త్రి, ఎదురొచ్చిన ఇంటావిడతో, తలుపు చూపించి.

"మెయిన్ డోరు కదండీ, మెయిన్ అనే అంటాం. ఇంట్లోవాళ్ళం వంటింటి వైపు నుంచే తిరుగుతాం, ఇది ఎవరైనా వస్తేనే తీసేది. కూర్చోండి, చెయ్యి ఎలా ఉంది? పాపం, ఎంత గండం గడిచింది!"

హాల్లో కూర్చున్నారు. పాత పనావిడ మాత్రం నిలబడే ఉంది. ఇన్‌స్పెక్టరు ఫైలు తెరిచి, కళ్ళజోడు పెట్టుకుని, పక్కనే మూలనున్న మెయిన్ పెట్టెని ఒకసారి చూసి, అడగడం మొదలుపెట్టాడు.

"మేస్త్రి పైనుంచి అడిగినప్పుడు నువ్వు 'తీశాను' అన్నావామ్మా?"

"అన్నానండీ," అంది ఆవిడ.

"నేనూ విన్నాను," అంది ఇంటావిడ.

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. ఏం తీశావని ఎవరూ అడగలేదు. అడుగుతారని ఆవిడ కాసేపు చూసినట్టుంది. తర్వాత కళ్ళు దించుకుని చీర కొంగు వేలికి చుట్టుకోసాగింది. కాంట్రాక్టరు కాగితం బల్ల మీద పెట్టి సిరాపెట్టె మూత తీశాడు.

"సార్," అన్నాడు మేస్త్రి. "ఒక్కసారి చేసి చూద్దాం."

"ఏం చేసి?"

"ఆ రోజు జరిగిందే. నేను పైకెళ్తాను." ఆవిడ వైపు తిరిగాడు. "నేను అడుగుతానమ్మా. ఆ రోజు ఏం చేశావో అదే చెయ్యి. ఇంకేమీ ఆలోచించకు."

పద్దెనిమిది మెట్లూ ఒక్కొక్కటే ఎక్కాడు. పైన బోర్డు ఇంకా తెరిచే ఉంది. ఆయన కోయబోయిన తీగకి ఎవరో టేపు చుట్టి వదిలేశారు. స్టూలు నిలబెట్టి ఉంది. మూలన బూజుకర్ర గోడకి ఆనించి ఉంది. మేస్త్రి దాన్ని కాసేపు చూశాడు.

"అమ్మా! మెయిన్ తియ్యమ్మా!"

కింద అడుగుల చప్పుడు. మెయిన్ పెట్టె ఉన్న మూల దాటిపోయాయి. గడియ జరిగింది.

"తీశావా?"

"తీశానండీ." గొంతు చిన్నది చేసి మళ్ళీ అంది, "బార్లా తీశా."

మేస్త్రి జేబులోంచి టెస్టరు తీశాడు. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాడు, అది కూడా గోడ మీద ఉన్న రూలే. ముందు పక్కనున్న ప్లగ్గులో పెట్టి టెస్టరు పనిచేస్తోందని చూసుకున్నాడు. తర్వాత బోర్డులో ఇత్తడి మర మీద కొస ఆనించి, బొటనవేలు బిళ్ళ మీదికి తెచ్చాడు. కళ్ళతో చూసి తేవాల్సి వచ్చింది. వేలికి ఏమీ తెలియలేదు. దీపం మాత్రం ఎర్రగా వెలిగింది.

ఇంతే పని. దీనికి పట్టింది మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు.

కిందికి దిగేసరికి ముందు తలుపు రెండు రెక్కలూ గోడలకి తగిలేంతగా తెరిచి ఉన్నాయి. ఎండ మెయిన్ పెట్టె దాకా వచ్చింది. ఆవిడ తలుపు పక్కన నిలబడి ఉంది.

"మీరు తియ్యమంటే నిచ్చెన లోపలికి తెచ్చుకుంటారేమో అనుకున్నానండీ," అంది ఎవరి వైపూ చూడకుండా. "అందుకే బార్లా తీశా. ఆ పెట్టెని కూడా మెయిన్ అంటారని నాకేం తెలుసు?"

కాంట్రాక్టరు ముందు తేరుకున్నాడు. మొహం విప్పారింది.

"ఇదన్నమాట సంగతి! చూశారా సార్, ఎవరి తప్పూ లేదు. ఈయన ఒకటి అడిగారు, ఆవిడ ఇంకోటి అనుకుంది. మాట పొరపాటు. అలాగే రాసేద్దాం, గొడవ వదిలిపోతుంది. పాము చావకుండా కర్ర విరక్కుండా."

"అదీ నిజమే," అంది ఇంటావిడ. "కాకపోతే కాస్త సరిగ్గా విని, అర్థం కాకపోతే అడగాలి కదా. అడిగుంటే ఇంత జరిగేదా?"

ఆవిడ ఇంటావిడ వంక ఒకసారి చూసి, తలుపు రెక్క ఒకటి మెల్లగా మూసింది.

ఇన్‌స్పెక్టరు కలం మూత తీశాడు. "మాట పొరపాటు అని రాయనా మేస్త్రీ? రెండు పక్కలా సగం సగం. నీ కార్డుకి ఇబ్బంది ఉండదు."

రాయమంటే అయిపోతుంది. మేస్త్రికి అది తెలుస్తూనే ఉంది. సగమంటే ఆయన సగం గాలికి పోతుంది, ఆవిడ సగం ఆవిడ వెంట ఇంటింటికీ తిరుగుతుంది.

"వద్దండీ," అన్నాడు. "పొరపాటు మాటది కాదు. మాట నమ్మి తీగ ముట్టుకోకూడదని ఊరందరికీ చెప్పింది నేనే. పైగా బార్లా అన్నది నాకు వినబడింది. మెయిన్ బార్లా తీయడమేంటి అనుకున్నాను కూడా. అనుకునే కోయబోయాను."

"గురువుగారూ!" అన్నాడు కాంట్రాక్టరు.

"టెస్టరు జేబులోనే ఉంది సార్. పెట్టి చూడలేదు. అది రాయండి."

ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇలా రాస్తే కార్డు నేను ఇప్పుడే తీసుకెళ్ళాలి. ఏడాది దాకా రాదు. తర్వాతైనా వస్తుందని చెప్పలేను."

"తెలుసండీ. ఆ రూలు కూడా గోడ మీద ఉంది."

కాంట్రాక్టరు తల పట్టుకున్నాడు. "ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారట! ఎవరైనా అడిగారా మిమ్మల్ని?"

"ఎవరూ అడగలేదు. ఇంకోటి కూడా రాయండి సార్." మేస్త్రి చొక్కా చెయ్యి పైకి లాగి మణికట్టు చూపించాడు. చార ఇప్పుడు పసుపుపచ్చగా మారుతోంది. "ఇది స్టూలు తగిలింది కాదు. నేను పడి విడిపోలేదు. ఈవిడ కర్రతో కొట్టి విడిపించింది. ఇన్నాళ్ళూ నేను చెప్పలేదు."

ఇంటావిడ ఆవిడ వంక చూసింది, తర్వాత నేల వంక చూసింది. "నాతో చెప్పలేదేం మరి?" అంది.

"చెప్పనిచ్చారా అమ్మా," అంది ఆవిడ.

ఇన్‌స్పెక్టరు అంతా రాసి కాగితం మేస్త్రి వైపు తిప్పాడు. మేస్త్రి బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద ఒత్తాడు. ఎంత గట్టిగా ఒత్తుతున్నదీ తెలియక ముద్ర అలికినట్టు పడింది. రెండోసారి ఇన్‌స్పెక్టరే వేలు పట్టుకుని వేయించాడు. పొద్దున గోడ మీద నుంచి తీసి పైజేబులో పెట్టుకొచ్చిన కార్డు ఇచ్చేటప్పుడు మాత్రం ఎడమ చేత్తో ఇచ్చాడు.

"కొత్తావిణ్ణి పెట్టేసుకున్నాం కదా..." అంటోంది ఇంటావిడ, ఎవరూ ఏమీ అడగకుండానే.

*

బయట మెట్ల దగ్గర మేస్త్రి చెప్పులు వెతుక్కుంటుంటే ఆవిడ వెనకే వచ్చింది. కాంట్రాక్టరు గేటు అవతల, బండి మీద అటు తిరిగి కూర్చుని ఉన్నాడు.

"పనివాళ్ళ ఆఫీసుకి రేపు నేను వస్తానమ్మా," అన్నాడు మేస్త్రి. "ఈ కాగితం నకలు చూపించి చెప్తాను. పేరు మళ్ళీ ఎక్కిస్తారు."

"సరేనండీ." ఆయన కుడి చేతి వంక చూసింది. "ఏదీ, చూపించండి."

మేస్త్రి మణికట్టు చాపాడు. ఆవిడ వంగి చూసి నాలుక కరుచుకుంది.

"అయ్యో! ఇంతలా కొట్టానా? ముసలి ప్రాణం మీద ఇంత చెయ్యి చేసుకున్నానా!"

"కొట్టావు కాబట్టే ఇక్కడున్నాను." అలవాటుగా నోటికొచ్చిందే అడిగాడు. "ఎండు కర్రేనా?"

"ఎండుదేనండీ. ముందు నా చేతిలో మాప్ కర్రే ఉంది, పైన తుడుద్దామని తెస్తున్నా. మిమ్మల్ని చూడగానే అదే ఎత్తాను. ఎత్తాక చూస్తే నీళ్ళు కారుతున్నాయి. అమ్మో, తడిది వద్దన్నారు కదా అని దాన్ని పడేసి, మూలనున్న బూజుకర్ర తీసుకుని చేత్తో తడిమి చూశా. ఎండుగానే ఉంది. అప్పుడు కొట్టా."

మేస్త్రి ఆవిడ మొహంలోకి చూశాడు.

"తడిమి చూశావా? నేను అక్కడ వేలాడుతుంటే?"

"చూడొద్దా మరి?" ఆవిడ వింతగా చూసింది. "మీరే కదండీ చెప్పారు, చూసుకుని మరీ కొట్టమని."

మేస్త్రి అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. ఐదు రోజులుగా లోపల మొద్దుబారి ఉన్నది ఒక్కసారిగా కదిలింది. ఎడమ చేత్తో ఆ మణికట్టు పట్టుకుని, చొక్కా చేతికి మొహం ఆనించుకుని, గేటు దగ్గర మనుషులున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు.

ఆవిడ కంగారుపడి పక్కన వంగింది.

"ఏమైందండీ? నొప్పిగా ఉందా?"

"ఆ," అన్నాడు మేస్త్రి. "నొప్పే అమ్మా."